అమ్మ నుడికి అయ్య పేరు

బాబా మలయ్ అని ఒక భాష ఉంది. మలేసియాలోని మలక్కాలోనూ, సింగపూర్‌లోనూ పెరనకాన్ చైనీయుల ఇళ్ళల్లో పుట్టి పెరిగిన భాష. చైనా దక్షిణ తీరంలోని ఫుజియాన్ నుంచి ఓడలెక్కి వ్యాపారానికొచ్చిన హొక్కియెన్ మగవాళ్ళూ, ఈ ద్వీపాల ఆడవాళ్ళూ కాపురాలు చేసిన ఇళ్ళల్లో, వాళ్ళ పిల్లల నోట తయారైంది. మాటలు చాలావరకు మలయ్‌వి. ‘నేను’, ‘నువ్వు’ అనే మాటలూ, చుట్టరికాల పేర్లూ, పూజలూ ఆచారాల మాటలూ హొక్కియెన్‌వి. ఇలా పుట్టి, ఆ తర్వాతి తరం పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చే సొంత భాష అయినదాన్ని భాషాశాస్త్రంలో క్రియోల్ అంటారు.

ఆ ఇళ్ళల్లో మగవాణ్ణి బాబా అంటారు, ఆడమనిషిని న్యోన్యా అంటారు. భాషకు పుస్తకాల్లో స్థిరపడ్డ పేరు మాత్రం బాబా మలయ్. వంటకి పేరు పెట్టాల్సొచ్చినప్పుడు అది న్యోన్యా వంట. పింగాణీ న్యోన్యా సామాను. ఒంటి మీది పల్చటి కుట్టుపని రవిక న్యోన్యా కెబాయా. అంటే చేత్తో చేసేది, కడిగేది, కట్టుకునేది ఆవిడది. నోటితో చేసేది ఆయనది. ఈ పంపకం ఎలా జరిగింది, ఎవరు చేశారు అన్నదే నా గొడవ.

మలక్కా సంగతి మనకెందుకు అనే మిత్రులుంటారు. ఆ సముద్రానికి ఇటువైపు ఒడ్డు మనదే కాబట్టి మనక్కావాలి. ఆ సంగతికి వస్తాను. ముందు ఆ ఆడవాళ్ళెవరో చూద్దాం.

మలక్కా వెళ్ళే యాత్రికులకి గైడ్లు తప్పకుండా చెప్పే కథ ఒకటుంది. పదిహేనో శతాబ్దంలో చైనా చక్రవర్తి తన కూతురు హాంగ్ లీ పోని మలక్కా సుల్తాను మన్సూర్ షాకి ఇచ్చి పెళ్ళిచేశాడనీ, ఆమెతో వచ్చిన ఐదొందల మంది పరివారం బుకిత్ చినా అనే గుట్ట మీద స్థిరపడ్డారనీ, వాళ్ళ సంతతే ఈ పెరనకాన్‌లనీ. సెజారా మెలాయు అనే మలయ్ రాజవంశ చరిత్రలో ఈ కథ ఉంది. చైనా వైపు మింగ్ రాజుల దస్తావేజుల్లో ఇలాంటి రాకుమారి ప్రస్తావనే లేదు. పైగా ఈ కథలో చైనా నుంచి వచ్చింది ఆడమనిషి. నిజానికి పంతొమ్మిదో శతాబ్దం బాగా గడిచేదాకా చైనా నుంచి ఆడవాళ్ళు ఓడలెక్కడమే అరుదు. వచ్చింది మగవాళ్ళు. పిల్లల్ని కన్నది ఇక్కడివాళ్ళు. మరి ఆ కథ ఎందుకంత బలంగా నిలిచింది? వంశానికి మూలంగా ఒక రాకుమారిని చూపించడం హాయిగా ఉంటుంది. బజారులో కొన్న పిల్లని చూపించడం అంత హాయిగా ఉండదు.

అవును, కొన్న పిల్లనే అంటున్నాను. ముస్లిం కుటుంబంలో పిల్లని చేసుకోవాలంటే మతం మారాలి. అందుకే చైనా వ్యాపారుల ఇళ్ళకి వచ్చిన ఆడవాళ్ళలో చాలామంది ముస్లింలు కాని బాలీ వాళ్ళు, సుమత్రాలోని బతక్ వాళ్ళు అని చరిత్రకారులు చెబుతారు. బాలీ పిల్లయితే పందిమాంసం వండడానికి అభ్యంతరం ఉండదు. అదొక అర్హత. వీళ్ళు ఎలా వచ్చేవారో తెలుసుకోడానికి మలయ్ ఆత్మకథా సాహిత్యంలో మొదటగా చెప్పుకునే హికాయత్ అబ్దుల్లా చదవాలి. అబ్దుల్లా మలక్కాలో పుట్టినవాడు, తమిళ పూర్వీకులున్నవాడు, కొత్తగా వెలిసిన సింగపూర్‌లో ఆంగ్లేయుల దగ్గర మున్షీ. బుగిస్ వ్యాపారుల ఓడల్లో బానిసల్ని తెచ్చి అమ్మడం ఆయన కళ్ళారా చూశాడు. ఆ ఆడవాళ్ళ దుస్థితిని చూసి చలించి రాశాడు. వాళ్ళని కొన్నవాళ్ళు వాళ్ళతో కాపురాలు పెట్టారనీ, ఆ సంతానం ఊళ్ళో ఉందనీ కూడా ఆయన పుస్తకం చెబుతుంది. పుస్తకం అచ్చయింది 1849లో. అంటే ఇదేదో దాచిపెట్టిన రహస్యం కాదు. నూటడెబ్భై ఏళ్ళకు పైగా అచ్చులో ఉన్న విషయం. అయినా ఇప్పటికీ కరపత్రాల్లో ‘సంస్కృతుల అందమైన కలయిక’ అనే రాస్తారు.

కలయిక! ఈ మాట మీద నాకు చాలా అనుమానం. ఓడలో దించి, పళ్ళు చూసి, ధర కట్టిన పదిహేనేళ్ళ పిల్లకి కొన్నవాడి భాష రాదు. వాడికి ఈమె పుట్టినూరి భాష రాదు. ఇద్దరికీ అంతో ఇంతో వచ్చింది రేవుల్లో నలిగిన మలయ్. ఆ ముక్కలతోనే ఆమె పొయ్యి రాజేసింది, జ్వరం వచ్చిందని చెప్పింది, వద్దని చెప్పింది, బిడ్డని జోకొట్టింది. బిడ్డకి మాత్రం అవి ముక్కలు కావు. అమ్మ మాట్లాడిందంతా బిడ్డకి పూర్తి భాషే. రేవు మాట ఇంటి మాట కావడమంటే ఇదే. క్రియోల్ ఎలా పుడుతుందో వివరించే సిద్ధాంతాలు బోలెడున్నాయి. వాటిలో సంపర్కం అనే మాట వస్తుంది, జనాభా నిష్పత్తులు వస్తాయి, పై భాష కింది భాష అనే మాటలొస్తాయి. పొయ్యి దగ్గరున్న మనిషి మాత్రం రాదు.

ఒక్క తరంతో ఐపోలేదు. ఆ ఇళ్ళ ఆడపిల్లలు పెద్దయ్యాక, చైనా నుంచి కొత్తగా దిగిన కుర్రవాళ్ళని చూసి ఇల్లరికం తెచ్చుకునేవారు. దీనికి చిన్ చువో అని పేరు. అంటే తరం తర్వాత తరం తండ్రి పడవ దిగి వస్తూనే ఉన్నాడు, కొత్త హొక్కియెన్ మాటలు తెస్తూనే ఉన్నాడు. ఇంట్లో కదలకుండా ఉన్నది అమ్మమ్మ, అమ్మ, కూతురు. భాషకు కొనసాగింపు ఎవరి వల్ల? ఇల్లరికపు అల్లుళ్ళ వల్లా?

కాస్త ఆ భాష రుచి కూడా చూడాలి. నేను అంటే గువా, నువ్వు అంటే లూ. గువా మ్యా రుమా అంటే నా ఇల్లు. గువా హొక్కియెన్, రుమా మలయ్, మధ్యలో ‘యొక్క’ పని చేసే చిన్న మాట. అక్కని తాచి అంటారు, తాతని కోంగ్‌కోంగ్ అంటారు, ఆ రెండూ హొక్కియెన్‌వే. అమ్మమ్మని మామా అంటారు, మన చెవికి నవ్వొస్తుంది. దియా అంటే అతను, దియా అంటేనే ఆమె. మలయ్‌లో ఆడామగా తేడా లేని సర్వనామం అది. (మన వ్యాకరణంలో ‘ఆమె వచ్చింది’ అన్నా ‘కుక్క వచ్చింది’ అన్నా క్రియ ఒకటే, ‘అతను వచ్చాడు’ మాత్రం వేరే. ఏది చెడిపోయిన భాషో, ఏది సంస్కారవంతమైన భాషో ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించుకోవచ్చు.) ఇక కేనా అనే మాట. దియా కేనా పుకుల్ అంటే ఆమె దెబ్బలు తింది. మనం కూడా దెబ్బలు ‘తింటాం’, తిట్లు ‘తింటాం’, ‘పడతాం’. తనకు ఇష్టం లేకుండా తన మీద జరిగినదాన్ని చెప్పడానికి ఆ భాష కేనాతో వాక్యం కడుతుంది. ఇవ్వడం అనే అర్థమున్న కాసి కూడా వాక్యంలో రకరకాల పనులు చేస్తుంది. హొక్కియెన్ వాక్యాల పోకడ ఇందులో ఉందని అన్సాల్డో, మాథ్యూస్ అనే పరిశోధకులు 1999లో వివరంగా చూపించారు. అంటే ఇది నోటికొచ్చినట్టు కలిపేసింది కాదు. నియమం ఉంది, పోలిక ఉంది, మర్యాద ఉంది.

మర్యాద అన్నాను కదా, అదొక ముచ్చట. పెద్ద అనే మాట ప్రామాణిక మలయ్‌లో బసార్. న్యోన్యాల నోట నాజూకైన ఉచ్చారణలో అది బసే. ఇద్దరూ ఎదురుపడితే ఎవరిది మొరటు? ప్రామాణిక మలయ్‌కి దగ్గరగా ఉన్నదే ఈ ఇళ్ళల్లో మొరటు ఉచ్చారణ. బయటివాళ్ళు దేన్ని సరైన రూపం అంటారో దాన్నే ఇంట్లోవాళ్ళు కాసార్ అన్నారు, అంటే ముతక. తాము మాట్లాడేదాన్ని హాలుస్ అన్నారు, అంటే నాజూకు. గడప దాటని ఆడవాళ్ళు తమ భాషకి తామే ప్రమాణం పెట్టుకున్నారు. ఈ వివరం చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

దీన్నే బయట ఏమన్నారు? వంకర మలయ్, బజారు మలయ్, కల్తీ మలయ్. షెలాబేర్ అనే మెథడిస్టు మిషనరీ ఒక్కడు 1913లో దీన్ని శ్రద్ధగా చూడాల్సిన భాషగా వర్ణిస్తూ వ్యాసం రాశాడు. అదే ఏడాది బైబిలు కొత్త నిబంధన బాబా మలయ్‌లో వచ్చింది. దానికి ముందే, 1890లలో చాన్ కిమ్ బూన్ చైనా ‘మూడు రాజ్యాల’ కథని ఈ భాషలోకి సంపుటాలు సంపుటాలుగా తెచ్చాడు. వేదగ్రంథాన్నీ మహాకావ్యాన్నీ మోయగలిగిన భాషని కూడా బజారు భాష అనే ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? డచ్చి ఏలుబడిలో ఉన్న ఇండోనేసియా వైపు ఇది మరీ బాహాటంగా జరిగింది. 1901లో వాన్ ఓఫైసెన్ రియావు ప్రాంతపు మలయ్‌ని ప్రమాణంగా పెట్టుకుని లిపి నియమాలు చేశాడు. 1917లో బలాయ్ పుస్తకా పేరుతో వెలిసిన సర్కారు ప్రచురణ సంస్థ ఆ బడి భాషలోనే సాహిత్యం ఉండాలంది. దాంతో చైనీయ మలయ్‌లో వచ్చిన నవలలూ కవితలూ సాహిత్య చరిత్రలోంచే జారిపోయాయి. క్లాదీన్ సల్మోన్ 1981లో లెక్క తీస్తే ఎనిమిది వందల మందికి పైగా రచయితలు, దాదాపు మూడు వేల పుస్తకాలు తేలాయి! అందులో ఆడవాళ్ళూ ఉన్నారు. డాలియా అనే కలం పేరుతో నవలలు రాసిన టాన్ లామ్ నియో వాళ్ళలో ఒకరు. ఆడవాళ్ళ రచనలు ఎలా మాయమవుతాయో మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. భాషకి ‘తక్కువ’ అని ముద్రవేస్తే చాలు, ఆ భాషలో రాసినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చెరపాల్సిన శ్రమ కూడా ఉండదు.

ఇక్కడ మన ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఒక సదస్సులో క్రియోల్ అనే మాటకి తెలుగు చెబుతూ ఒక పెద్దాయన ‘సంకర భాష’ అన్నారు. చాలామంది రాసుకున్నారు కూడా. ఆ మాట వద్దని నేను లేచి అన్నాను. ‘అమ్మా, అది కేవలం పారిభాషిక పదం, అందులో మీ స్త్రీవాదం దేనికి’ అన్నారు. కేవలమా? వర్ణసంకరం అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఆడవాళ్ళు చెడిపోతే కులం చెడుతుందని బాధపడింది ఎవరో, ఏ యుద్ధభూమిలోనో మన ఇళ్ళల్లో పిల్లలకి కూడా తెలుసు. వంకాయకి సంకరం, పత్తి విత్తనానికి సంకరం సరే. మనుషుల భాషకి ఆ మాట తగిలించినప్పుడు, రెండు జాతుల మనుషులు కలవడమే ఒక దోషమనీ, ఆ దోషం ఆడదాని కడుపులోంచి వచ్చిందనీ అందులో ఇమిడే ఉంది. తండ్రి భాష శుద్ధం, తల్లి భాష శుద్ధం, బిడ్డ భాష మాత్రం సంకరం. అలా చూస్తే పాళీ, సంస్కృతం, పారసీ, ఉర్దూ, పోర్చుగీసు, ఇంగ్లీషు అన్నీ మింగి కూర్చున్న మన తెలుగుని ఏమనాలి? బస్తా, బజారు, బడాయి తీసేసి ఒక పూట మాట్లాడి చూడమనండి. క్రియోల్‌ని క్రియోల్ అనే అందాం. తెలుగులోనే కావాలంటే కలగలుపు నుడి అందాం. సంకరం అనే మాటని మన పారిభాషిక పదకోశాల్లోకి రానివ్వకూడదన్నది నా పట్టు.

సముద్రానికి ఇటు ఒడ్డు సంగతి చెబుతానన్నాను. మలక్కా రేవులో ఎనభై నాలుగు భాషలు వినబడతాయని పదహారో శతాబ్దం మొదట్లో పోర్చుగీసు వాడు తోమే పిరేష్ రాశాడు. ఆ భాషల్లో మనదీ ఉండి ఉంటుంది, ఎందుకంటే కోరమాండల్ రేవుల గుడ్డల వ్యాపారులు అక్కడ బాగా పాతుకుపోయినవాళ్ళు. వాళ్ళని క్లింగులు అనేవారు, కళింగ నుంచి వచ్చిన పేరు. అదే మాట కెలింగ్‌గా మారి ఈనాటి మలేసియాలో భారతీయులని తిట్టే తిట్టయింది. ఆ వ్యాపారులూ అక్కడి జావా, బతక్, మలయ్ ఆడవాళ్ళతో కాపురాలు పెట్టారు. వాళ్ళ సంతతే చెట్టి మలాకాలు. మలక్కాలోని గజా బెరాంగ్‌లో వాళ్ళ పేట ఉంది. శైవులు, ఇంట్లో మలయ్ క్రియోల్ మాట్లాడతారు, ఆడవాళ్ళు సారోంగ్ కెబాయా కడతారు. సంక్రాంతి ముందురోజు భోగి పర్చు అని పెద్దలకి అరిటాకుల్లో వడ్డిస్తారు. భోగి అన్న మాట అలాగే ఉంది! దైవనాయగం చెట్టి 1781లో కట్టించిన వినాయకుడి గుడి మలేసియాలో ఇప్పటికీ నడుస్తున్న హిందూ ఆలయాల్లో అన్నిటికన్నా పాతది అంటారు. వీళ్ళ గురించి రాసే ప్రతివాళ్ళూ ‘మాతృభాష మరిచిపోయారు, మతం మాత్రం కాపాడుకున్నారు’ అని జాలిపడతారు. ఏ మాతృభాష? వాళ్ళ తల్లుల భాష మలయ్. దాన్ని వాళ్ళు మరిచిపోలేదు, శతాబ్దాలుగా అదే మాట్లాడుతున్నారు. మరిచిపోయింది తండ్రి భాష. తండ్రి భాష పోతే మాతృభాష పోయిందని ఏడవడం మనకే చెల్లింది.

వెళ్ళింది వ్యాపారులే కాదు. పదిహేడో శతాబ్దపు కరువుల్లో మన కోరమాండల్ తీరాన, పులికాట్ వంటి రేవుల్లో డచ్చి కంపెనీ మనుషుల్ని కొని బతావియాకి, అంటే ఈనాటి జకార్తాకి పంపింది. కరువులో పిల్లల్ని అమ్ముకున్నవాళ్ళలో తమిళులున్నారు, తెలుగువాళ్ళున్నారు. బతావియాలో బాలీ, సులవేసీ, బెంగాల్, కోరమాండల్ బానిసలంతా ఒకే పెరట్లో పడ్డారు. అక్కడ పుట్టిందే బెతావి మలయ్. అందులో క్రియ చివర చేరే ‘ఇన్’ అనే ప్రత్యయం బాలీ భాష నుంచి వచ్చిందని చాలామంది పరిశోధకులు అంటారు. ఆ ఇళ్ళల్లో బాలీ ఆడవాళ్ళు ఎందరుండేవారో తెలిస్తే ఆశ్చర్యం ఉండదు. బతావియా పెద్దమనుషుల వంశాలన్నీ ఆసియా తల్లుల చుట్టూ ఎలా అల్లుకున్నాయో జీన్ గెల్మన్ టేలర్ 1983లో పుస్తకమే రాసింది. ఇవాళ జకార్తా కుర్రకారు ‘నాకోసం కొనిపెట్టు’ అనడానికి బెలీయిన్ అంటారు. టీవీలో, సినిమాల్లో ఆ ‘ఇన్’ దేశమంతా తిరుగుతోంది. బానిస పిల్ల నోటి ప్రత్యయం రాజధాని ఫ్యాషన్ అయింది. ఒక క్రియోల్ బతకడానికీ ఇంకొకటి చావడానికీ దాని వ్యాకరణం కారణం కాదు. దాన్ని ఏ ఊళ్ళో, ఎవరి పిల్లలు, ఏ ప్రభుత్వం కింద మాట్లాడతారన్నదే కారణం.

బాబా మలయ్ ఏ ప్రభుత్వాల కింద పడిందో చూడండి. సింగపూర్‌లో బడి పిల్లలందరూ ఇంగ్లీషుతో పాటు ‘మాతృభాష’ చదవాలి. ఏది మాతృభాష అన్నది దశాబ్దాలపాటు తేల్చింది తండ్రి జాతి. మళ్ళీ చదవండి. మాతృభాషని తేల్చింది తండ్రి జాతి. చైనీయుడి బిడ్డకి మాండరిన్, మలయ్ వాడి బిడ్డకి మలయ్, భారతీయుడి బిడ్డకి తమిళం. పెరనకాన్ ఇంటి పిల్ల కాగితం మీద చైనీయురాలు కాబట్టి, అమ్మ మాట్లాడని, నాన్న మాట్లాడని, నాన్న పూర్వీకులు సైతం మాట్లాడని మాండరిన్ ఆ పిల్లకి మాతృభాష అయింది. 1979లో మాండరిన్ మాట్లాడండి ఉద్యమం మొదలయ్యాక హొక్కియెన్‌కే దిక్కులేదు, ఇక ఈ భాషనెవరు పట్టించుకుంటారు? ఆ విధానాన్ని నడిపిన లీ క్వాన్ యూ తల్లి చువా జిమ్ నియో న్యోన్యా. తాతా అమ్మమ్మలతో బాబా మలయ్‌లో మాట్లాడేవాడినని ఆయనే రాసుకున్నాడు. ఆమె 1974లో ఇంగ్లీషులో న్యోన్యా వంటల పుస్తకం వేసింది, ఈనాటికీ దానికి పేరుంది. అమ్మ వంట దేశానికి దక్కింది. అమ్మ మాట బడి గేటు దగ్గర ఆగిపోయింది. 2011 నుంచి పిల్లల జాతిని తల్లిదండ్రులిద్దరి వైపు నుంచి కలిపి రాసుకునే వీలిచ్చారు గానీ అప్పటికి ఇళ్ళల్లో అమ్మమ్మలే మిగిలారు.

ఇదే నిబంధన మనవాళ్ళ పిల్లలకీ తగిలింది. 1990 ప్రాంతంలో తమిళం కాని భారతీయ భాషలు ఐదింటికి అక్కడి బడుల్లో చోటిచ్చారు: హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ. తెలుగు ఆ జాబితాలో లేదు. సింగపూర్ వెళ్ళిన మన ఇంజనీర్ల పిల్లలు హిందీనో తమిళాన్నో ‘మాతృభాష’ అని సర్టిఫికెట్‌లో రాయించుకున్నారు. ఆ తల్లిదండ్రులు అన్యాయమంటారు, నిజమే. ఆ అన్యాయాన్ని అంతకుముందునించీ మోస్తున్న న్యోన్యాల గురించి కూడా వాళ్ళు ఒక్కమాట అంటే బాగుంటుంది.

నా వాదనకి ఒక గట్టి అభ్యంతరం ఉంది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. న్యోన్యాలే ఈ భాషని వదిలేశారు కదా? ఆ ఇళ్ళు స్వర్గాలేం కావు. ఈడొచ్చిన పిల్లని వీధి గది కిటికీ దగ్గరకి కూడా రానిచ్చేవారు కాదు. పెళ్ళి చూపుల్లో పిల్ల రోట్లో మసాలా నూరే చప్పుడు బట్టి పనిమంతురాలో కాదో చెప్పేవారని అంటారు. ఇంటి చాకిరీకి కొనుక్కొచ్చిన బీద పిల్లలు వేరే. అంటే కొన్న పిల్ల మనవరాలు మళ్ళీ పిల్లల్ని కొంది. నాజూకు భాష ఎవరిది, ముతక భాష ఎవరిది అన్న తేడాలో ఈ పెత్తనం కూడా ఉంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సోఫియా బ్లాక్‌మోర్ 1887లో తమిళ ఆడపిల్లలకి ఒక బడీ, మర్నాడు ఏడాది న్యోన్యా పిల్లలకి మరో బడీ పెట్టి, మలయ్ నేర్చుకుని ఇల్లిల్లూ తిరిగి బతిమాలింది. 1899లో లిమ్ బూన్ కెంగ్, సోంగ్ ఓంగ్ సియాంగ్ వంటి సంస్కర్తలు సింగపూర్ చైనీయ బాలికల పాఠశాల తెరిచారు. మంచి కొడుకుల్ని పెంచాలంటే తల్లులకి చదువుండాలన్న ఆ వాదన మనకి కందుకూరి రోజుల నుంచీ పరిచయమే. ఏమైనా ఆడపిల్ల వీధిలోకొచ్చింది. వీధిలో ఇంగ్లీషుంది. ఉద్యోగం, జీతం, తను మెచ్చిన మొగుడు, అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. బంధిఖానాలో పుట్టిన భాషని బంధిఖానాలోనే వదిలేసి వెళ్ళిపోయిన పిల్లని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నేనే ఆమె స్థానంలో ఉంటే ఒక్క క్షణం ఆగేదాన్ని కాదు.

కానీ అన్నలు కూడా ఇంగ్లీషు నేర్చారు, ఆమె కన్నా ముందే నేర్చారు. వాళ్ళని భాషాద్రోహులని ఎవరూ అనలేదు. వాళ్ళు రాజ్యంలో భాగస్వాములయ్యారు, భాషకి తమ పేరు మాత్రం ఉంచుకున్నారు. ఆమెకి ఇచ్చిన బేరం వేరు: స్వేచ్ఛ కావాలా, నీ మాట కావాలా, ఏదో ఒకటే. నా కోపం ఆ బేరం మీద. మాండరిన్‌కి బడిలో పీరియడ్ పెట్టగలిగిన వ్యవస్థ, ఆమె మాటకి వారానికి ఒక గంట పెట్టలేకపోయిందా?

పెట్టలేదు గానీ ఆమెని బొమ్మని చేసి నిలబెట్టింది. 2008లో సింగపూర్‌లో పెరనకాన్ మ్యూజియం తెరిచారు. ఆ ఏడాదే ‘చిన్న న్యోన్యా’ అనే టీవీ సీరియల్ జనాన్ని ఊపేసింది. పూసల చెప్పులున్నాయి, కెబాయాలున్నాయి, కన్నీళ్ళున్నాయి. అందులో న్యోన్యాలు మాట్లాడింది మాండరిన్. 2018లో దొందాంగ్ సయాంగ్ పాటకి యునెస్కో గుర్తింపొచ్చింది. 2024లో ఐదు దేశాలు కలిసి దరఖాస్తు చేస్తే కెబాయాకీ వచ్చింది. రవికకి గుర్తింపు, రవిక తొడుక్కున్న మనిషి మాటకి మ్యూజియం గాజుపెట్టె. రంగస్థలం మీద ఇంకా విచిత్రం. పెరనకాన్ నాటకాల్లో బిబిక్, అంటే గడసరి పెద్ద న్యోన్యా పాత్రని సంప్రదాయంగా మగవాళ్ళే వేస్తారు. జీటీ లై ఆ పాత్రలకి పేరుమోసిన నటుడు. మగవాళ్ళు ఆడవేషం కట్టడంలో నాకేమీ అభ్యంతరం లేదు, స్థానం నరసింహారావు గారి గురించి విని పెరిగినదాన్నే. కాకపోతే ఒక భాషలో జనానికి బాగా తెలిసిన స్త్రీ కంఠం మగవాడి గొంతులోంచి వస్తున్నప్పుడు ఆ తిట్లు, ఆ ఎకసెక్కాలు, ఆ సామెతలు ఎవరివో కనీసం కార్యక్రమ పత్రంలో ఒక వాక్యం ఉండాలి. స్టెల్లా కోన్ 1980లలో ‘ఎమరాల్డ్ హిల్ ఎమిలీ’ అనే ఏకపాత్ర నాటకంలో న్యోన్యా ఇల్లాలిని ఒంటరిగా నిలబెట్టి మాట్లాడించింది. ఇంగ్లీషులో.

ఇప్పుడు ఈ భాషని నిజంగా వింటున్నది కూడా ఆడవాళ్ళే. 1986లో ఆన్ పకీర్ హవాయి విశ్వవిద్యాలయంలో దీనిమీద సిద్ధాంత వ్యాసం రాసింది. అదే విశ్వవిద్యాలయంలో 2014లో నాలా లీ పూర్తి వ్యాకరణమే రాసింది, 2022లో అది పుస్తకంగా వచ్చింది. మాట్లాడేవాళ్ళు మలక్కాలో వెయ్యిమంది లోపు, సింగపూర్‌లో వెయ్యిమంది లోపు ఉంటారని ఆమె అంచనా. వాళ్ళలో ఎక్కువమంది వయసు మళ్ళినవాళ్ళు. ఆమె రాసిన వ్యాకరణానికి కూడా శీర్షికలో బాబా మలయ్ అనే పేరే ఉంది. స్థిరపడ్డ పేరు కదా, ఆమె మాత్రం ఏం చేస్తుంది అంటారు. తెలుసు. పేరు మార్చాలనడం మాటవరసకి అంటున్నది కాదు, అందుకే ఈ వ్యాసంలో ఇకముందు, నా పాఠాల్లో ఇకముందు, నేను దాన్ని న్యోన్యా మలయ్ అనే అంటాను. విద్యార్థి ఎవరైనా ‘పుస్తకంలో బాబా అని ఉంది మేడమ్’ అంటే, ఎందుకుందో చెప్పడానికి నాకు ఒక తరగతి దొరుకుతుంది.

రికార్డు చేయాల్సింది ఇంకా చాలా ఉంది. నిఘంటువులున్నాయి, విలియం గ్వీ 2006లో వేసినది మంచి పని. పెళ్ళిళ్ళ మాటలు, వంటింటి మాటలు, సామెతలు సేకరించారు. వంటలో ఉప్పూకారం కొలత చెప్పడానికి న్యోన్యాలు అనే ఆగాక్-ఆగాక్ అనే మాట, అంటే చేతి ఉజ్జాయింపు, ఇప్పుడు హోటళ్ళ మెనూ కార్డుల మీదకి కూడా ఎక్కింది. పురిటి నొప్పుల దగ్గర పలికిన మాటలు, నెలసరికి పెట్టుకున్న మారుపేర్లు, మొగుడి రెండో కాపురం గురించి చెర్కీ పేకాట బల్ల దగ్గర చెప్పుకున్న మాటలు, కొని తెచ్చిన పనిపిల్లని పిలిచిన పిలుపులు, ఆ పనిపిల్ల చాటుగా తిట్టిన తిట్లు, వీటిని అడిగి రాసుకోవాలంటే అడిగేది ఆడమనిషై ఉండాలి, అదీ ఈ నాలుగైదేళ్ళలోనే అడగాలి. ఎనభై దాటినవాళ్ళు ఎదురు చూస్తూ కూర్చోరు.